ముప్పై ఎత్తుల లోపు

వరనిసెసెకి చదరంగం ఆడటం రాదు. ఈ మాట నేనే ముందు చెప్పేస్తున్నాను, ఎలాగూ ఓడిపోయిన పిల్లల తల్లిదండ్రులు చెప్పకుండా ఉండరు కాబట్టి. గుర్రం ఎటు దూకుతుందో, మంత్రి ఎంత దూరం పోతుందో ఆవిడకి తెలుసు. అంతవరకే. కిందటేడు సరదాకి బల్ల ముందు కూర్చోబెడితే ఏడేళ్ళ పిల్లవాడు పన్నెండు ఎత్తుల్లో ఆవిడ రాజుని కట్టేశాడు. ఆవిడ వాడి బుగ్గ గిల్లి, "ఆఖరి ఎత్తు కాగితం మీద రాయలేదేంట్రా, రాయి," అంది. రాజు పోయాడన్న బాధ లేదు. వాడి కాగితంలో ఒక గడి ఖాళీగా ఉండటమే ఆవిడ బాధ.

అయినా ఈ దీవుల్లోని మా ఊరు లౌటోకాలో పిల్లల చదరంగం పోటీ జరిగితే తీర్పు చెప్పే ఆర్బిటర్ ఆవిడే. ఆట తెలిసినవాళ్ళు ఊళ్ళో పదిమంది ఉన్నారు. రూలు తెలిసి, దాని మీద నిలబడే మనిషి మాత్రం ఈవిడొక్కతే.

అసలు ఉద్యోగం బస్టాండులో. ఇరవై ఆరేళ్ళుగా అక్కడ టైమ్‌కీపరు. మెడలో ఈల, చేతిలో అట్ట, చెవి వెనక పువ్వు. సువా బస్సు ఎనిమిదింటికంటే ఎనిమిదింటికే. ఒకసారి పాస్టరుగారు బైబిల్ చంకలో పెట్టుకుని, "సెసె, ఆపమ్మా, ఆపమ్మా," అంటూ మార్కెట్ దగ్గర్నుంచి పరిగెత్తుకొస్తుంటే ఈవిడ ఆయన్నే చూస్తూ ఈల ఊదింది. బస్సు పోయింది. ఆయన రొప్పుతూ వచ్చి, "దేవుడు చూస్తున్నాడు సెసె," అన్నాడట. "చూడనివ్వండి. ఆయన కూడా ఎనిమిదింటికే చూస్తున్నాడు," అందట ఈవిడ. మరుసటి ఆదివారం ప్రసంగమంతా సమయపాలన మీదే సాగింది.

ఇలాంటి మనిషి ఇంట్లో ఎలా ఉంటుందనుకుంటారు? మీరనుకున్నట్టు ఉండదు.

అడగందే అమ్మైనా పెట్టదంటాం మనం. ఈ దీవుల్లో అడిగితే ఎవరైనా పెట్టాల్సిందే. "కెరెకెరె" అన్న ఒక్క మాట చాలు. బంధువు నోట ఆ మాట వచ్చాక కాదనడం మర్యాద కాదు. పైగా ఇక్కడ చుట్టరికం వెతికితే దొరకనివాడు లేడు. "కెరెకెరె, నీ గొడ్డలి." "కెరెకెరె, మీ పిల్లాడి స్కూలు బూట్లు." ఇచ్చినవాడు రేపు అడుగుతాడు, తీసుకున్నవాడు ఇస్తాడు. అందరూ అడిగి, అందరూ ఇచ్చుకుంటే ఇంతకంటే చల్లని పద్ధతి లేదు. నేనిక్కడికి వచ్చిన కొత్తలో వర్షాకాలమంతా మా ఇంట్లో పొయ్యి వెలిగిందంటే అది ఎదురింటివాళ్ళ కట్టెలతోనే.

సెసెతో చిక్కేమిటంటే ఆవిడకి అడగడం రాదు, ఇవ్వడమే వచ్చు. ఆ ఇంటికెళ్తే నాకు ఒళ్ళు మండుతుంది. కుర్చీలు ఆరు ఉండాలి, రెండున్నాయి. కొత్త చాప కొని పరిచిన వారానికే పినతల్లి కొడుకు చుట్టచుట్టి భుజాన పెట్టుకుపోయాడు. "వద్దని ఒక్కసారి అనలేవా?" అని అరిచాను ఒకరోజు. "నోరు రాదు మాస్టర్. ఈల ఉంటే వస్తుంది," అంది నవ్వుతూ. ఆ నవ్వు చూసి ఇంకా మండింది.

అలా అని నేనేం నీతిమంతుణ్ణి కాదు. ఆవిణ్ణి ఈ చదరంగంలోకి లాగింది నేనే. పదకొండేళ్ళ క్రితం, నేను పనిచేసే బడిలో మొదటిసారి పోటీ పెట్టాం. ఆర్బిటరుగా వస్తానన్నాయన ముందురోజు జ్వరమన్నాడు. నేను బస్టాండుకు పరిగెత్తి, "కెరెకెరె సెసె, రెండ్రోజులు వచ్చి కూర్చో. గడియారాలు చూస్తే చాలు," అన్నాను. లెక్కల మాస్టర్ని కదా, ఏ మాట ఎక్కడ పనిచేస్తుందో నాకు తెలుసు. వచ్చి కూర్చుంది. మూడోవారానికల్లా రూల్స్ పుస్తకం బస్సుకీ బస్సుకీ మధ్య చదివి పూర్తిచేసింది. తర్వాత ఆర్బిటర్ పరీక్ష రాసింది. ఒక్క ప్రశ్న తప్పింది. ఆ ప్రశ్న తప్పని ఇప్పటికీ నాతో వాదిస్తుంది.

హాల్లోకి అడుగుపెడితే ఆవిడ వేరే మనిషి. ఈల ఉండదు, బొమ్మా బొరుసూ లేని గుండ్రటి బ్యాడ్జి ఒకటి ఉంటుంది. అది చాలు. ముట్టుకున్న పావు కదపనంటే పంతొమ్మిదిమంది మేనత్తలు వచ్చి ఏడ్చినా కదపాల్సిందే. అమ్మలు కిటికీలోంచి కళ్ళతో సైగలు చేస్తే పోయి కర్టెన్ లాగేస్తుంది. ఓడిన పిల్లకి మాత్రం తన సంచిలోంచి కొబ్బరిపాల బన్ను తీసి ఇస్తుంది. గెలిచినవాళ్ళకి ఇవ్వదు. "వాళ్ళకి ఆకలుండదు," అంటుంది.

పోటీ నిబంధనల కాగితం టైపు చేసేది నేను. మొదటి ఏడాదే ఆవిడ ఒకటి కొత్తగా చేర్పించింది. ఇద్దరూ ముప్పై ఎత్తులు పూర్తిచేసేదాకా ఆర్బిటర్ అనుమతి లేకుండా డ్రాకి ఒప్పుకోకూడదు. చదరంగం సంఘం అధ్యక్షుడు నవ్వాడు. "పెద్దవాళ్ళయితే ఒళ్ళు దాచుకుని డ్రాలు చేసుకుంటారు, రూలు కావాలి. పిల్లలు ఎందుకు చేసుకుంటారమ్మా?" అన్నాడు. "ఉండనివ్వండి. కాగితం మీద చోటుందిగా," అంది సెసె. ఏడో నంబరుగా వేశాను. ఎందుకని నేనూ అడగలేదు.

ఈ ఆగస్టు సెలవుల్లో పన్నెండేళ్ళలోపు పిల్లల పోటీ జరిగింది. ఆడపిల్లలూ మగపిల్లలూ కలిసే ఆడతారు. అందులో పైన నిలిచిన ఒక్క ఆడపిల్లకి సమోవాలో జరిగే దీవుల పోటీకి టిక్కెట్టు. ఒక్క సీటే. ఆఖరి రౌండు మొదలైన కాసేపటికే లెక్క తేలికైపోయింది. సువా నుంచి వచ్చిన అనిష్క తన ఆట తొందరగా ముగించి ఐదు పాయింట్ల మీద కూర్చుంది. మెరెవలేసి, అందరూ వలేసి అంటారు, నాలుగున్నర మీద ఉంది. గెలిస్తే సీటు వలేసిది. డ్రా అయితే ఇద్దరూ సమానం. మూడో రౌండులో అనిష్క ఈ పిల్లని ఓడించింది కాబట్టి సీటు అనిష్కది.

వలేసిది కొండమీది ఊరు. ట్రక్కు వెనక కూర్చుని, అర్ధరోజు దుమ్ము తిని వచ్చింది. పదకొండేళ్ళు. బెంచీ మీద కూర్చుంటే కాళ్ళు నేలకి అందవు. విమానం ఎలా ఉంటుందని నన్నడిగింది, లోపల కిటికీలు తెరుచుకుంటాయా అని. ఎదురుగా కూర్చున్నవాడు ఇనోకె. సాక్షాత్తూ ఆ పిల్ల మేనమామ కొడుకు, వరసకి బావ. ఇక్కడా బావామరదళ్ళకి ఒకళ్ళనొకళ్ళు ఏడిపించుకునే హక్కు పుట్టుకతో వస్తుంది. ఆటకి ముందే మొదలెట్టాడు.

"ఏమే, కొండమీద మేకలతో ఆడి నేర్చుకున్నావా చెస్?"

"అవును బావా. అవి నీకంటే బాగా ఆడతాయి."

"నోళ్ళు మూయండి ఇద్దరూ," అంది సెసె. గడియారాలు మొదలయ్యాయి.

ఇరవై ఐదో ఎత్తుకల్లా ఇనోకె పని అయిపోయింది. వలేసికి ఒక గుర్రం, రెండు బంట్లు ఎక్కువ. ఇంకో పదిహేను ఎత్తులు నిదానంగా లాగితే ఆట తనదే. తొందరేం లేదు. నేను పక్కగది తలుపులోంచి చూస్తూ మనసులో ఆ పిల్లని విమానం ఎక్కించేశాను కూడా.

అప్పుడు వాడు ముందుకి వంగి, చాలా మెల్లిగా, చాలా ముద్దుగా అన్నాడు.

"కెరెకెరె, వలేసీ. సగం ఇయ్యవే. సగం పాయింటొస్తే నాకు మూడో కప్పు. మా నాన్నకి చెప్పేశాను తెస్తానని."

వాడికి సీటు సంగతి తెలియదని తర్వాత తెలిసింది. ఆ పిల్లకి తెలుసు. బోర్డు వైపు చూసింది. తర్వాత, ఇంట్లో ఎవరైనా ఉప్పు అడిగితే అందించినట్టు, చెయ్యి చాపింది. వాడు పట్టుకుని ఊపాడు.

ప్రపంచంలో ఇంకే ఊరి పిల్లయినా పళ్ళు ఇకిలించి పోరా అనేది. మన పిల్లలైతే వాళ్ళ నాన్నని పిలిచేవాళ్ళు. ఈ పిల్ల ఇచ్చేసింది.

సెసె బల్ల దగ్గరకి వచ్చింది. "ఏంటది?"

"డ్రా అత్తా. ఇద్దరం ఒప్పుకున్నాం," అన్నాడు ఇనోకె.

సెసె వాళ్ళ కాగితాలు రెండూ తీసుకుని వేలు పెట్టి కిందికి లెక్కపెట్టింది. వలేసిది ఇరవై ఎనిమిదో ఎత్తు. వాడిది ఇరవై ఏడు.

"ఏడో రూలు చదివావా? గోడకి అంటించాం."

"అంత చిన్న అక్షరాలు ఎవరు చదువుతారత్తా?"

టైపు చేసినవాణ్ణి నేనే కాబట్టి ఆ మాట నాకు తగిలింది.

"ఇద్దరూ ముప్పై రాసేదాకా నా అనుమతి లేకుండా డ్రా లేదు," అంది సెసె. తర్వాత పిల్ల వైపు తిరిగి, "నువ్వు కావాలనే ఇచ్చావా?" అని అడిగింది.

"బావ అడిగాడుగా అత్తా," అంది వలేసి. కావాలో వద్దో చెప్పలేదు. ఆ ప్రశ్నే అర్థం కానట్టు చూసింది.

"అయితే నిన్నే అడుగుతున్నా," అన్నాడు ఇనోకె. పెద్దవాళ్ళ ముందు పెట్టాల్సిన వినయమంతా మొహాన పెట్టుకుని, రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని అడిగాడు. "కెరెకెరె అత్తా. ఒప్పుకో."

నేను కళ్ళు మూసుకున్నాను. కుర్చీలు, చాప, గొడ్డలి, గొడుగు, గోడ గడియారం, అన్నీ ఆ మాటకే పోయాయి. నేనూ ఆ మాటతోనే ఈవిణ్ణి ఇక్కడికి తెచ్చాను. ఇప్పుడు ఈ పిల్ల సీటు కూడా అదే దారిన పోతోంది.

"లేదు," అంది సెసె.

గట్టిగా కూడా అనలేదు. అని, తనే ఒక్క క్షణం ఆశ్చర్యపోయినట్టు ఆగింది. "ఆడండి. నీ ఎత్తు, ఇనోకె. ముప్పై రాశాక మీ ఇష్టం."

తల్లిదండ్రుల కోసం కట్టిన తాడు అవతల నిలబడ్డ అనిష్క తండ్రి రవీన్ దేవ్ ఊరుకుంటాడా? "ఆడేవాళ్ళిద్దరూ ఒప్పుకున్నాక మధ్యలో మీరెవరండీ కాదనడానికి?" అన్నాడు.

"పొద్దున మీ అమ్మాయి ఇరవై రెండో ఎత్తులో డ్రా అడిగింది. అప్పుడూ కాదన్నాను. తర్వాత తను గెలిచింది. అప్పుడు మీరు నాకు థాంక్స్ కూడా చెప్పారు," అంది సెసె. ఆయన ఫోను తీసి ఏదో చూసుకోసాగాడు.

నా మనసు మాత్రం కుదుట పడలేదు. లెక్క వేసి చూడండి. ఇనోకె ఇరవై ఎనిమిదోది ఆడతాడు. వలేసి ఇరవై తొమ్మిది, వాడు ఇరవై తొమ్మిది. వలేసి ముప్పై, వాడు ముప్పై. అంతే, మళ్ళీ అడుగుతాడు. అడిగితే ఆ పిల్ల మళ్ళీ ఇస్తుంది. పదిహేను ఎత్తుల్లో నిదానంగా గెలిచే ఆట ఆమెకి పనికిరాదు. చేతిలో ఉన్నవి రెండే రెండు ఎత్తులు. ఆ రెండింట్లో రాజుని కట్టెయ్యాలి, లేకపోతే సీటు పోయినట్టే. ఆ సంగతి వలేసికి కూడా తెలుసు. కాగితం మీద ముప్పై అంకె వైపు, వాడి మొహం వైపు మార్చి మార్చి చూసింది.

ఇనోకె గబుక్కున ఒక బంటు జరిపి గడియారం నొక్కాడు. వాడికి ఇప్పుడు ఆట అక్కర్లేదు, ముప్పై కావాలి.

వలేసి ఆలోచనలో పడింది. ఆమె గడియారంలో ఇరవై రెండు నిమిషాలున్నాయి. ఐదు పోయాయి. పది పోయాయి. ఊగుతున్న కాళ్ళు ఆగిపోయాయి. సెసె టీ బాయిలరు దగ్గరకి పోయి, హాలుకి వీపు పెట్టి నిలబడింది. నేను వెనకే వెళ్ళాను.

"అక్కడుండి చూడవేం?" అన్నాను.

"చూస్తే నా మొహం ఏదో ఒకటి చెప్పేస్తుంది మాస్టర్. ఆ పిల్ల చదివేస్తుంది. నువ్వు చూడు, చేతులు ఎక్కడున్నాయో చూసి చెప్పు."

"బుగ్గల మీద."

"మంచిది."

నిమ్మాకుల టీ పోసుకుంది. తాగలేదు. కప్పు పక్కన పెట్టేసింది.

పదిహేడో నిమిషంలో వలేసి గుర్రాన్ని వెనక్కి తీసింది. అవును, వెనక్కి. గెలవాల్సిన పిల్ల, రెండెత్తులే ఉన్న పిల్ల, ముందుకి పోకుండా వెనక్కి తీసింది. ఒక బంటుని ఊరికే వదిలేసింది కూడా. రవీన్ దేవ్ హాయిగా ఊపిరి తీసుకున్నాడు. నేను తిట్టుకున్నాను. తర్వాత ఇంకోసారి చూస్తే, ఆ గుర్రం లేచిన చోటునుంచి మంత్రికి మూలదాకా దారి తెరుచుకుని ఉంది. ఇనోకె ఒక్క నిమిషం కూర్చుని ఆలోచిస్తే కనపడేది. రాజు ముందున్న బంటుని ఒక్క గడి జరిపితే వాడికి ఇంకా ఇరవై ఎత్తుల ఆయుష్షుంది.

వాడు కూర్చోలేదు. ముప్పైకి చేరాలి కదా. ఊరికే వదిలిన బంటుని లటుక్కున తీసేసి, గడియారం నొక్కి, సెసె కోసం మెడ తిప్పి, చెయ్యి సగం లేపాడు.

వలేసి మంత్రిని మూలకి జరిపింది.

"చెక్ బావా," అంది. కాసేపు చూసి, "మేట్ కూడా... అనుకుంటా," అంది.

లేపిన చెయ్యి అలాగే ఉండిపోయింది. సెసె వచ్చింది. ఆట రాని మనిషి కదా, వాడి రాజు చుట్టూ ఉన్న ఒక్కొక్క గడి మీదా వేలు గాలిలో ఆడిస్తూ, పెదాలు కదుపుతూ నిమిషం సేపు చూసుకుంది. మాకందరికీ అప్పటికే తెలిసిపోయింది, ఆవిడకి తెలియాలి. "అయిపోయింది," అని కాగితాల మీద సంతకం పెట్టింది. హాలు బయట ఎవరి అమ్మో గట్టిగా కేకేసింది. సెసె "ష్" అంది, అంతలోనే తనే నవ్వేసింది.

ఇనోకెకి కప్పు పోయిన బాధ పది నిమిషాలు. సీటు సంగతి ఎవరో చెప్పాక తల పట్టుకుని, "ముందే చెప్పొచ్చుగా మొద్దూ! చెప్తే అడిగేవాణ్ణా?" అని మరదల్ని తిట్టాడు. ఓడినందుకు సెసె ఇచ్చిన బన్ను అప్పటికే తినేశాడు.

బహుమతులు ఇచ్చే వేళకి వలేసి కనపడలేదు. వెతికితే హాలు వెనక మెట్ల మీద ఉంది. ఏడుస్తోంది. గెలిచినవాళ్ళు ఏడవడం చాలాసార్లు చూశాను, కానీ ఇది ఆ ఏడుపు కాదు. సెసె పోయి పక్కన కూర్చుంది. నేను సామాన్లు సర్దుతున్నట్టు తలుపు దగ్గర నిలబడ్డాను. సిగ్గులేకుండా విన్నాను.

"బావ అడిగాడు, నేను ఇవ్వలేదు," అంది పిల్ల. "అమ్మకి తెలిస్తే పిసినారిదానా అంటుంది."

"ఇచ్చావుగా. నేను ఆపాను. నా పేరు చెప్పు మీ అమ్మకి."

"నువ్వు ఆపకపోతే ఇచ్చేసేదాన్ని అత్తా. సీటు పోయినా ఇచ్చేసేదాన్ని. అది తప్పా?"

సెసె చెవి వెనక పువ్వు తీసి తిప్పుతూ కూర్చుంది.

"తప్పు కాదు," అంది చివరికి. "నాకు పంతొమ్మిదేళ్ళప్పుడు సువాలో నర్సుల స్కూల్లో సీటొచ్చింది. మా ద్వీపానికి ఒకటే సీటు. మా పెదనాన్న కూతురు నా తర్వాత పేరు. వచ్చి నా పక్కన కూర్చుని అడిగింది. సరేనన్నాను. మంచి నర్సయింది, నిజంగా మంచి నర్సు. మా అమ్మ పోయేటప్పుడు పక్కనే ఉండి చూసుకుంది. తనంటే నాకు కోపం లేదు. కానీ ఎంత గబుక్కున సరేనన్నానో తలుచుకుంటే ఇప్పటికీ నిద్ర పట్టదు. అప్పటికి చేతిలో టీ ఇంకా వేడిగానే ఉంది."

ఇన్నేళ్ళ స్నేహంలో ఈ మాట నాకు చెప్పలేదు. ఇంట్లో కుర్చీలు పోయాయని నేను అరిచినప్పుడల్లా నవ్వి ఊరుకుంది.

వలేసి కళ్ళు తుడుచుకుంది. చదరంగం ఆడే పిల్ల కదా, ఆలోచించి అడిగింది.

"అప్పుడు ముప్పై ఎత్తుల రూలు లేదా అత్తా?"

"లేదే తల్లీ," అంది సెసె. "ఉంటే నాకూ రెండెత్తులు దొరికేవి."